అపస్మార చరిత్రము

నటరాజస్వామి విగ్రహమును జూడనివారు మనలో నరుదు. ఆ స్వామి యెత్తిన పాదమును భక్తులు కన్నులారఁ జూతురు గాని, మోపిన పాదము క్రిందఁ బడియున్న మరుగుజ్జును విచారించువారు తక్కువ. ఆ మరుగుజ్జు పేరు అపస్మారుఁడు. అతఁడు అజ్ఞానమునకు గుర్తని పెద్దలు చెప్పుదురు. వైద్యశాస్త్రమున నదే పేరు ఒక రోగమునకుఁ గలదు. తెలివి తప్పి, నేలఁ బడి, కాలుసేతులు కొట్టుకొని, నోట నురుగు గ్రక్కించు నా రోగమును పండితులు అపస్మారమనిరి. పల్లెలవారు కాకిసొమ్మయనియు మూర్ఛయనియు ననిరి. నేఁడందఱును ఫిట్సు అనుచున్నారు. అజ్ఞానమునకును రోగమునకును ఒకే పేరు కలుగుట వింతగాఁ దోఁచును. కాని యీ రోగచరిత్రమును పరిశీలించినచో, ఆ యజ్ఞానము రోగిది కాదనియు, రోగి చుట్టునున్న మనదేయనియుఁ దెలియఁగలదు.

ప్రాచీనులందఱును దీనిని దయ్యపుఁజేష్టయని నమ్మిరనుట సరికాదు. చరకసంహితలో నిదానస్థానమునను చికిత్సాస్థానమునను దీనికిఁ బ్రత్యేకాధ్యాయములు కలవు. స్మృతి తొలఁగిపోవుటచే అపస్మారమని పేరిడి, వాత పిత్త కఫ సన్నిపాత భేదములచే నాలుగు విధములుగా విభజించి, ఔషధములను జెప్పిరి. ఆ దోషవిచారమును నేఁటి శాస్త్ర మంగీకరింపకపోవచ్చును. అయినను రోగమునకు శరీరమునఁ గారణము వెదకిన బుద్ధి మెచ్చఁదగినది. క్రీస్తునకుఁ బూర్వము 400వ సంవత్సర ప్రాంతమున గ్రీసుదేశమందును ఇట్టి బుద్ధియే పొడసూపెను. అక్కడివారు దీనిని పవిత్రరోగమని పిలిచెడివారు. హిపోక్రటీసు పేర వెలసిన గ్రంథములలో నొకటి కేవలము దీనినిగూర్చి వ్రాయఁబడినది. ఈ రోగము తక్కిన రోగములకంటె దైవికమైనది కాదనియు, దీని స్థానము మెదడనియు, మంత్రములతో శుద్ధిచేయువారు తమ తెలియమిని దేవతలచాటున దాఁచుకొనుచున్నారనియు ఆ గ్రంథకర్త నిర్భయముగా వాదించెను.

ఇంత తెలిసియు రెండువేల యేండ్లకుఁ బైగా లోకము మాంత్రికుల వాకిళ్ల నేల పడిగాపులు పడెను? వైద్యునియొద్ద పనిచేయు మందు లేకుండుట ఒక కారణము. రెండవ కారణము రోగస్వభావముననే యున్నది. మూర్ఛ సాధారణముగా రెండుమూఁడు నిమిషములలోఁ దనంతనే నిలిచిపోవును. ఆ లోపల ఒకరు రోగి చేతిలోఁ దాళపుచెవుల గుత్తి నుంతురు. ఒకరు ఉల్లిపాయ నలిపి ముక్కునకుఁ బట్టుదురు. వేఱొకరు విభూతి చల్లుదురు. మూర్ఛ తీఱఁగానే, ఇనుము తగిలినందుననే తీఱినదని సాక్ష్యము పలుకుటకుఁ బదుగురు సిద్ధముగా నుందురు. కన్నులారఁ జూచినదానిని కాదనుట కష్టమే. ఇనుము లేకున్నను అది యా వేళకే తీఱియుండెడిదని తెలియవలెనన్నచో, తాళపుచెవులు పెట్టక, ప్రక్కనే కూర్చుండి, కనిపెట్టి చూడవలయును. ఆ యోపికకే శాస్త్రమని పేరు.

ఆ యోపిక పందొమ్మిదవ శతాబ్దమున లండను నగరమందొక యాసుపత్రిలోఁ గుదురుకొనెను. దాని పుట్టుక మన గృహిణులు వినఁదగినది. జొహానా, లూయిసా అను చాండ్లరు సోదరీమణులు పక్షవాతముతో మంచముపట్టిన తమ యవ్వకు సేవచేయుచు, ఇట్టివారి నాదరించు ఆసుపత్రి లేని లోటును గుర్తించిరి. పూసలతోను గవ్వలతోను అలంకారవస్తువులు చేసి, విక్రయించి, కొంత ధనము కూర్చిరి. సోదరుఁడు ఎడ్వర్డు తోడయ్యెను. నగరాధిపతియైన డేవిడ్ వైరు తానును పక్షవాతపు బాధ నెఱింగినవాఁ డగుటచే 1859లో సభఁ గూర్చెను. ఇట్లు క్వీన్ స్క్వేరులోఁ బక్షవాతరోగులకును అపస్మారరోగులకును నేషనల్ హాస్పిటలు వెలసెను. ఆ సోదరీమణులు వైద్యవిద్య చదివినవారు కారు. ఇంటిలో రోగిని జూచికొన్న యనుభవమే వారి విద్య.

ఆ యాసుపత్రియందు 1862 మొదలు జాన్ హ్యూలింగ్స్ జాక్సను పనిచేసెను. కొందఱికి మూర్ఛ బొటనవ్రేలియందో పెదవిమూలనో మొదలై, క్రమముగాఁ జేతికి, ముఖమునకు, కాలికిఁ బ్రాఁకుట ఆయన గమనించెను. ఆయన భార్యకును ఇట్టి మూర్ఛలే వచ్చుచుండెను. మెదడులో నొక్కొక్క యవయవమునకు నొక్కొక్క స్థానము కలదనియు, ఒకచోటఁ బుట్టిన సంక్షోభము ప్రక్కస్థానములకుఁ బ్రాఁకుటచే నిట్లగుననియు ఆయన నిశ్చయించెను. మూర్ఛయనఁగా మెదడు ఆకస్మికముగాను మితిమీఱియుఁ దన శక్తిని వెలిగ్రక్కుటయేయని 1873 నాఁటికి ఆయన చెప్పిన మాట నేఁటికిని నిలిచియున్నది. 1886లో అచ్చటనే విక్టర్ హార్స్లీ, చిన్ననాఁడు తలకు దెబ్బ తగిలి మూర్ఛలపాలైన యొక యువకుని కపాలమును దెఱచి, మెదడుమీఁది మచ్చను దొలఁగించెను. 1924లో జర్మనీదేశమున యేనా నగరమందు హాన్సు బెర్గరు మానవుని తలనుండి మెదడు విద్యుత్తరంగములను గీయించి, 1929లోఁ బ్రకటించెను. జాక్సను యూహించిన సంక్షోభ మిట్లు కాగితముపై గీతయై కంటికిఁ గనఁబడ నారంభించెను.

మందుల చరిత్రము ఇంకను విచిత్రమైనది. 1857లో సర్ చార్లెస్ లోకాకు, కొందఱు స్త్రీల మూర్ఛలకుఁ బొటాసియము బ్రోమైడు నిచ్చి గుణముఁ గంటినని చెప్పెను. ఆ మూర్ఛలు ఋతుధర్మమునకు సంబంధించినవని ఆయన తలంపు. తలంపు తప్పినను మందు ఫలించెను. కాని బ్రోమైడు రోగిని మత్తునఁ బడవేయును. ఒడలిపైఁ బొక్కులు పుట్టించును. 1912లో ఆల్ఫ్రెడ్ హౌప్ట్‌మన్ అను జర్మను యువవైద్యుఁడు రాత్రులు రోగులు శాంతముగా నిద్రించుటకై ఫినోబార్బిటాలు నిచ్చి, దానిచే మూర్ఛలే తగ్గుటను గనుఁగొనెను. గార్డినాల్ అను పేర మన యిండ్లకు వచ్చిన మాత్ర యిదియే. 1938లో అమెరికాదేశమున బోస్టనునందు మెరిట్, పుట్నము అను నిరువురు పిల్లులపైఁ బరీక్షలు జరిపి ఫెనిటాయినును వెలికిఁ దెచ్చిరి. మూర్ఛను మాన్పుటకు మనుష్యుని మొద్దుబాఱఁజేయ నక్కఱలేదని దీనివలనఁ దేలెను.

జ్ఞానము పెరిగినకొలఁది దయయుఁ బెరిగియుండునని మనము తలంపవచ్చును. అట్లు జరుగలేదు. హౌప్ట్‌మన్ మందును గనుఁగొన్న జర్మనీలోనే, బెర్గరు తరంగములను గీయించిన జర్మనీలోనే, 1933లో వంశానుగతరోగములను నివారించు నెపమునఁ జట్టము చేసి, అపస్మారరోగులకుఁ గూడ బలవంతముగా సంతానము కలుగకుండ శస్త్రచికిత్సలు చేయించిరి. పిదప యుద్ధకాలమున ఆసుపత్రులలోని రోగులను వేలకొలఁదిగాఁ జంపిరి. అందు అపస్మారరోగులును గలరు. హౌప్ట్‌మన్ యూదుఁ డగుటచే నుద్యోగము పోఁగొట్టుకొని, 1938లో నిర్బంధశిబిరమున నుంచఁబడి, తుదకు అమెరికాకుఁ దరలిపోయెను. రోగమును దెలిసికొనుట యొక విద్య. రోగిని మనవంటి మనుష్యునిగాఁ జూచుట వేఱొక విద్య.

మన దేశమందును ఈ రెండు విద్యలు కలిసి నడువలేదు. 1949లో వెల్లూరు క్రైస్తవవైద్యకళాశాలయందు జేకబ్ చాండీయు, మఱుసటియేఁడు మదరాసునందు బి. రామమూర్తియు మెదడు శస్త్రచికిత్సాశాఖల నారంభించిరి. ఆంధ్రజిల్లాలకు నాఁడు మదరాసే రాజధాని. వైద్య మిట్లు ముందునకు సాఁగుచుండఁగా, 1976లో హిందూవివాహచట్టమును సవరించుచు, మాటిమాటికి ఉన్మాదముగాని అపస్మారముగాని వచ్చుచుండువారు వివాహార్హులు కారని చేర్చిరి. అట్టి వివాహమును న్యాయస్థానమున రద్దుచేయించుకొనుటకు వీలు కలిగెను. మాత్రతో నణఁగు రోగమునకు ఇరువదిమూఁడేండ్లు చట్టమున నీ కళంకము నిలిచెను. 1999లో ఆ చట్టమునుండియు, ప్రత్యేకవివాహచట్టమునుండియు అపస్మారశబ్దమును దొలఁగించిరి.

చట్టము విడిచినను గృహము విడువలేదు. కుమారునకు మూర్ఛ వచ్చినచోఁ జిన్ననాఁటి జబ్బని సరిపుచ్చుదుము; కుమార్తెకు వచ్చినచో నిరుగుపొరుగులకుఁ దెలియకుండఁ దలుపులు మూయుదుము. వియ్యపువారికిఁ జెప్పక పెండ్లి చేయుదుము. అత్తవారింట నందఱియెదుట మాత్ర మ్రింగుట యెట్లు? ఆ పిల్ల భయపడి మానివేయును. మందును హఠాత్తుగా మానుట మూర్ఛను బిలుచుటయే. ఏది దాఁచఁదలఁచితిమో అదియే నలుగురిలో బయటపడును. నింద యా పిల్లపైఁ బడును. మఱియు, ఈ మందులలోఁ గొన్ని గర్భస్థశిశువునకు హాని చేయును గనుక, గర్భము ధరింపకమునుపే వైద్యుని సలహాపైఁ దగిన మందునకు మాఱవలయును. తనంతఁ దాను మానరాదు. రహస్యము కాఁపాడుచు ఈ జాగ్రత్త లెట్లు సాఁగును?

మన యిండ్లలో దిద్దుకొనవలసినవి మఱికొన్ని కలవు. మన దేశమున ననేకుల మూర్ఛలకు బద్దెపురుగు పిల్లలు మెదడునఁ జేరుట కారణము. ఆ పురుగు గ్రుడ్లు మలినమైన నీటివలనను, కడుగని కూరగాయలవలనను, చేతులవలనను కడుపులోఁ బ్రవేశించును. కావున శాకాహారులకును ఇది తప్పదు. కారణము దయ్యములలో లేదు. పెరటిలోను వంటింటిలోను ఉండవచ్చును. ఎవరికైన మూర్ఛ వచ్చినచో నదిమిపట్టరాదు. నోటిలో నేదియుఁ బెట్టరాదు. దెబ్బ తగులు వస్తువులను దొలఁగించి, ప్రక్కకుఁ ద్రిప్పి పరుండఁబెట్టి, గడియారమును జూడవలయును. ఐదు నిమిషములు దాఁటినచో ఆసుపత్రికిఁ జేర్పవలయును.

లోకమున సుమారు 5 కోట్లమందికి ఈ రోగము కలదనియు, తగిన చికిత్స లభించినచో వారిలో నూటికి 70 మందివఱకు మూర్ఛలు లేకుండ జీవింపఁగలరనియు ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. జాక్సను చేయవలసినది చేసెను. హౌప్ట్‌మన్ చేయవలసినది చేసెను. చట్టము కొంచె మాలస్యముగానైనను జేసెను. మిగిలినది మన పని. సోదరీమణులారా, తాళపుచెవుల గుత్తిని మేకునకే యుండనిండు. మాత్రలపెట్టెను మాత్ర మందఱికిఁ గనఁబడు గూటిలో నుంచుఁడు.