చెరకు బండి కదిలే కాలం

నిజామాబాద్ జిల్లాలో సరుకు తోలడానికి మంచి కాలమేదంటే నందిపేట్ పసుపు రైతుది ఒక మాట, బోధన్ చెరకు రైతుది ఇంకో మాట. పసుపును తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టాక కొమ్ము గట్టిపడుతుంది. ధర నచ్చకపోతే ఇంట్లో దాచి, నచ్చిన రోజున నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలుకోవచ్చు. చెరకుకు ఆ వెసులుబాటు ఏనాడూ లేదు.

మంజీర నది మీద నిజాంసాగర్ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. కాలువ నీళ్లతో బోధన్ రేగడి భూముల్లో చెరకు విస్తరించింది. 1937లో బోధన్ దగ్గరి శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది. ఆనాటి నుంచి ఫ్యాక్టరీ నడిచినంత కాలం ఇక్కడి పల్లెల్లో చలికాలమంటే చెరకు తోలే కాలమే.

దానికి కారణం చెరకులోనే ఉంది. రాత్రుళ్లు చల్లబడితే గడ ఎదుగుదల తగ్గి, రసంలో చక్కెర పోగవుతుంది. నరికిన క్షణం నుంచి ఆ చక్కెర విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారడం మొదలవుతుంది. అవి గడ్డకట్టి పంచదార కావు. గడలో నీరు కూడా ఆరిపోతుంది. ఆలస్యమైతే ఫ్యాక్టరీకి చక్కెర తగ్గుతుంది, తూకం మీద డబ్బు తీసుకునే రైతుకు బరువు తగ్గుతుంది. ఎండలు ముదిరితే నష్టం రెట్టింపు. వానాకాలం సంగతి చెప్పనే అక్కర్లేదు, తడిసిన రేగడిలో నిండు బండి చక్రం కదలదు.

అందుకే మిల్లులో చెరకు ఆడే క్రషింగ్ నవంబరు, డిసెంబరుల్లో మొదలై మార్చి, ఏప్రిల్ దాకా సాగేది. రైతులందరూ సంక్రాంతి చుట్టుపక్కల రోజులే కావాలనేవారు, మిల్లు మాత్రం రోజుకు ఆడగలిగినంతే ఆడేది. కనుక కాలం మంచిదైనా, చెరకు నరకమని మిల్లు ఇచ్చే కటింగ్ ఆర్డర్ వచ్చేదాకా కత్తి పట్టే వీలుండేది కాదు. ఎవరి చేనుకు ముందు, ఎవరికి వెనుక అన్నదే పల్లెలో అసలు తగువుగా ఉండేది. ఎడ్లబండ్లు పోయి ట్రాక్టర్లు, లారీలు వచ్చినా వరుస కోసం ఎదురుచూపు పోలేదు.

2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో, సరిగ్గా తోలకాల వేళ, మూతపడింది. తిరిగి తెరిచే మార్గం చూడడానికి 2024లో ప్రభుత్వం కమిటీ వేసింది. యంత్రాల గురించి, బకాయిల గురించి మాట్లాడేవాళ్లు చేను నుంచి మిల్లు గేటు దాకా చెరకు ఎన్ని గంటల్లో చేరాలో కూడా ముందే తేల్చాలి. కటింగ్ ఆర్డర్ల వరుసను ఊళ్లో అందరికీ కనబడేలా గోడ మీద అతికించాలి.