సూది కంటే ముందు నిద్ర పరీక్ష

ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే పేటలో రైల్వే క్వార్టర్. రాత్రి రెండు దాటింది. యార్డులో గూడ్సు కూత పెట్టినా ఇంట్లో ఎవరూ కదలరు. బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికని తాతలు శ్రీకాకుళం నుంచి వచ్చిన నాటి నుంచీ ఆ కూతలు అలవాటే. అందరినీ లేపేది మీ గురక. "ఓపాలి పక్కకి తిరగండి" అంటూ మీ ఆవిడ భుజం తడుతుంది.

తెల్లారాక ఈఎన్‌టీ డాక్టరు ముందు కూర్చుంటారు. గురక సూదితో తగ్గిపోతుందట కదా అని మీరు అడుగుతారు. ఆయన మీ ఆవిడ వైపు తిరిగి, గురక మధ్యలో ఊపిరి ఆగుతోందా అని అడుగుతారు. నిద్ర పరీక్ష కోసం ఆ రాత్రి ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు పెట్టుకుని పడుకుంటారు. ఊపిరి 10 సెకన్లు, ఆపైన ఆగినా, బాగా తగ్గినా లెక్కలోకి వస్తుంది. మీకు అలా గంటకు 5 సార్ల లోపే అని తేలింది. అంటే ఇది ఉత్త గురకే. మెత్తని అంగిలి వదులై, గాలికి పరదాలా కొట్టుకుంటోంది.

కాబట్టి ఇప్పుడు సూది కోసం కుర్చీలో నోరు తెరిచి కూర్చున్నారు. మందు స్ప్రే చేదుగా తగిలి గొంతు మొద్దుబారుతుంది. మింగుతున్నా మింగినట్టుండదు. కొండనాలుకకు పైన మత్తు సూది చురుక్కుమంటుంది. తర్వాత సన్నటి రేడియో తరంగాల సూది అంగిలి లోపలికి దిగుతుంది. కోత లేదు, కుట్లు లేవు. లోపల వెచ్చబడుతున్నట్టు, కాస్త ఒత్తినట్టు ఉంటుంది. మరో రెండు చోట్ల కూడా అంతే. అరగంటలోపే లేచి నడిచి వెళ్లిపోతారు.

కొద్దిరోజులు గొంతు నొప్పి, వాపు ఉంటాయి. గురక ముందుకంటే పెరగొచ్చు కూడా. వేడి తగిలిన కండ మానుతూ బిగుసుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కొందరికి మళ్లీ చేయాల్సి వస్తుంది. కొన్నేళ్లకు గురక తిరిగి రావచ్చు.

ఊపిరి పదేపదే ఆగేవారికి ఈ సూది ఒక్కటే చాలదు. చప్పుడు తగ్గినా గొంతు మూసుకుపోతూనే ఉంటుంది. రక్తపోటు పెరుగుతుంది, పగలు కునుకు పట్టేస్తుంది. ఇంజను నడిపే మనిషికి ఆ కునుకు ఎంత ప్రమాదమో రైల్వే ఊరికి చెప్పక్కర్లేదు. అలాంటివారికి 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సలివాన్ బృందం ప్రకటించిన సీపాప్ పద్ధతి ఉంది. మాస్కు ద్వారా వచ్చే గాలి ఒత్తిడి గొంతును తెరిచి ఉంచుతుంది.

సూది వేయించుకునే ముందు నిద్ర పరీక్ష అడిగి మరీ చేయించుకోండి. డాక్టరు దగ్గరకు ఒంటరిగా వెళ్లకండి. మీ ఊపిరి ఎప్పుడు ఆగిందో పక్కన పడుకున్న మనిషికే తెలుసు.