కార్నియా అసమదృష్టి కొలత: నూజివీడు ప్రాంతపు వృద్ధులు

కంటి ముందుభాగాన పారదర్శకంగా ఉండే పొర కార్నియా. దాని వంపు అన్ని దిశల్లో ఒకేలా లేనప్పుడు ఏర్పడే చూపు దోషాన్ని కార్నియా అసమదృష్టి అంటారు. దాని పరిమాణాన్ని డయాప్టర్లలో, దిశను డిగ్రీలలో చెబుతారు. అరవై దాటినవారిలో ఈ కొలతకు ఇంత ప్రాధాన్యం వచ్చింది ముఖ్యంగా శుక్లం ఆపరేషన్ వల్లే. కంట్లో అమర్చే కటకం పవరూ, కోత పెట్టాల్సిన చోటూ దీన్నిబట్టే తేలతాయి. బంగినపల్లి, కలెక్టర్, చిన్న రసం, పెద్ద రసం పండే నూజివీడు మామిడి తోటల్లో దశాబ్దాలు ఎండలో పనిచేసిన రైతుల, కూలీల కళ్లలో ఈ కొలతను తారుమారు చేసే కారణాలు మరికొన్ని ఉంటాయి. చాలాకాలం కృష్ణా జిల్లాలో ఉన్న నూజివీడు, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఏలూరు జిల్లాలో చేరింది. పాత సర్వేలను జిల్లా పేర్లతో పోల్చి చూసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

జనాభా సర్వేలు

ఈ ప్రాంతానికి చేరువలో జరిగిన పెద్ద సర్వే ఆంధ్రప్రదేశ్ ఐ డిసీజ్ స్టడీ. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ దీన్ని 1996 - 2000 మధ్య నిర్వహించింది. హైదరాబాద్ నగరంతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామీణ ప్రాంతాలను ఎంచుకుని, అర్హులైన 11,786 మందిలో 10,293 మందిని పరీక్షించారు. వీటిలో నూజివీడుకు నేలలోనూ వృత్తుల్లోనూ దగ్గరగా ఉండేది పశ్చిమ గోదావరి. హైదరాబాద్ భాగం ఫలితాలు 1999లో వెలువడ్డాయి. వాటి ప్రకారం పదిహేనేళ్లు దాటినవారిలో అసమదృష్టి ఉన్నవారు సుమారు 13 శాతం.

ఈ అంకెను కార్నియాకు ఆపాదించడం సరికాదు. అద్దాలు మార్చి మార్చి చూపించి, ఏది స్పష్టంగా ఉందో అడిగి తేల్చిన సిలిండర్ పవరు అది. అందులో కార్నియా వాటాతో పాటు లోపలి కటకం వాటా కూడా కలిసి ఉంటుంది. శుక్లం ముదిరినకొద్దీ ఆ రెండో వాటా మారుతుంది, ఆపరేషన్‌తో పూర్తిగా పోతుంది. అందుకే వృద్ధుల విషయంలో కళ్లజోడు చీటీ చూసి కార్నియాను అంచనా కట్టకూడదు. ఈ తేడాను తొలిసారి రుజువు చేసినవాడు థామస్ యంగ్. 1801లో అచ్చయిన తన ఉపన్యాసంలో, కంటిని నీటిలో ముంచి కార్నియా శక్తి లేకుండా చేసినా తన అసమదృష్టి అలాగే ఉందని ఆయన చూపించాడు. ఆయన కంటిలో దోషం ఉన్నది లోపలి కటకంలోనే.

పరికరాలు

కార్నియా ఒక చిన్న కుంభాకార అద్దంలా పనిచేస్తుంది. దాని ముందు వెలుగు గుర్తులు పెట్టి, ప్రతిబింబం పరిమాణాన్ని కొలిస్తే వంపు వ్యాసార్ధం తెలుస్తుంది. హెల్మ్‌హోల్ట్జ్ ఈ సూత్రంతో ఆఫ్తాల్మోమీటర్‌ను తయారుచేసిన ఏడాది ఒక్కో గ్రంథంలో ఒక్కో రకంగా, 1853 నుంచి 1855 వరకు కనిపిస్తుంది. వైద్యుల గదికి పనికొచ్చే రూపాన్ని ఇచ్చినవారు జవాల్, షియోట్జ్. దానికి 1880 అని రాసినవారూ ఉన్నారు, 1881 అనేదే ఎక్కువ గ్రంథాల్లో కనిపించే తేదీ. నలుపు తెలుపు వలయాల ప్లాసిడో డిస్క్ కూడా ఆ కాలానిదే.

నేటి కెరటోమీటర్‌లోనూ లెక్క సులువే: 337.5ను మిల్లీమీటర్లలోని వ్యాసార్ధంతో భాగిస్తే డయాప్టర్లు వస్తాయి. ఒక దిశలో 7.5, దానికి లంబంగా 7.8 ఉన్న కంటికి 45.00, 43.27 వస్తాయి. తేడా 1.73 డయాప్టర్లు. ఈ లెక్కలో వాడే 1.3375 అనే సూచిక కార్నియా పదార్థానిది కాదు, దాని అసలు సూచిక 1.376. వెనుక ఉపరితలం ఎప్పుడూ ముందు ఉపరితలానికి ఒకే నిష్పత్తిలో ఉంటుందని ఊహించి పెట్టుకున్న సర్దుబాటు అది.

ఆ ఊహ వృద్ధుల్లోనే ఎక్కువగా తప్పుతుంది. డగ్లస్ కాక్, ఆయన సహచరులు 2012లో ప్రచురించిన పరిశీలనలో 715 కార్నియాల వెనుక ఉపరితలాన్ని కొలిచారు. సగటు అసమదృష్టి 0.30 డయాప్టర్లు. పదింటిలో ఎనిమిదికి పైగా కళ్లలో ఎక్కువ వంపు నిలువు దిశలోనే ఉంది. వెనుక ఉపరితలం రుణ కటకంలా పనిచేస్తుంది కాబట్టి, ఆ నిలువు వంపు మొత్తం కంటికి అడ్డం దిశలో శక్తిని కలుపుతుంది. ముందు ఉపరితలాన్ని మాత్రమే కొలిచే కెరటోమీటర్ అడ్డం అసమదృష్టిని తక్కువగా, నిలువుదాన్ని ఎక్కువగా చూపేది ఇందువల్లే. వెనుక ఉపరితలాన్ని నేరుగా కొలిచే షైంప్‌ఫ్లుగ్ కెమెరాలు, ఓసీటీ యంత్రాలు పెద్ద ఆసుపత్రుల్లో ఉంటాయి. అవి లేనిచోట సవరణ పట్టికలు వాడతారు.

వయసుతో వచ్చే మార్పు

యువకుల్లో సాధారణంగా నిలువు వంపు ఎక్కువ. వయసు మీదపడేకొద్దీ అడ్డం వంపు పెరుగుతుంది. దీన్ని అగైనెస్ట్ ది రూల్ అంటారు. పదేళ్లకు సుమారు పావు నుంచి మూడో వంతు డయాప్టర్ మారుతుందని ఎక్కువ అధ్యయనాలు చెబుతాయి. కారణం మీద ఏకాభిప్రాయం లేదు. పై రెప్ప బిగువు సడలడమే కారణమన్నది పాత వాదం. కార్నియా నిర్మాణంలోనే మార్పు వస్తుందన్నది మరో వాదం. రెప్పను ఎత్తి పట్టుకుంటే కొలత మారుతుంది కనుక మొదటిదాన్ని కొట్టిపారేయలేం, కానీ మార్పంతటికీ అదొక్కటే చాలదు.

పరీక్ష గదిలో

వృద్ధుల రీడింగులు తప్పడానికి ప్రధాన కారణం కన్నీటి పొర. కన్ను పొడిబారితే వలయాల ప్రతిబింబం చెదిరి, ఒక్కో రీడింగు ఒక్కో దిశ చూపుతుంది. మత్తు చుక్కలు వేయకముందే, కంటి పీడనం చూడకముందే కార్నియాను కొలవాలి. వాలిన రెప్పను వేలితో ఎత్తేటప్పుడు కనుగుడ్డు మీద ఒత్తిడి పడకూడదు. వంగిన నడుముతో గడ్డం సరిగా ఆనించలేనివారి తల ఓ పక్కకు వాలుతుంది, దాంతో డిగ్రీలూ వాలతాయి. రెండు రీడింగులు అర డయాప్టర్ తేడాతో వస్తే మళ్లీ తీయాలి. అవసరమైతే కృత్రిమ కన్నీటి చుక్కలిచ్చి మరో రోజు పిలవాలి.

తోటల్లో పనిచేసినవారి కళ్లు

ముక్కు వైపు నుంచి కార్నియా మీదికి పాకే కండ, అంటే టెరీజియం, ఆరుబయట పనిచేసేవారిలో ఎక్కువ. పైన చెప్పిన ఆంధ్రప్రదేశ్ సర్వే నుంచి 2013లో వెలువడిన విశ్లేషణలో ముప్ఫై ఏళ్లు దాటినవారిలో ఇది సుమారు 12 శాతం. కండ ఆ వైపు కార్నియాను చదును చేస్తుంది. వయసు పెంచిన అడ్డం వంపు కొలతలో కనబడకుండా పోవచ్చు, నిలువు వంపే ఎక్కువగానూ కనిపించవచ్చు. అదే కొలతతో కటకం ఎంచి, తరువాత కండ తీసేస్తే లెక్కంతా తప్పుతుంది. కండ పెద్దదైతే ముందు దాన్ని తీసి, కొన్ని వారాలు ఆగి, వంపు నిలకడ పడ్డాక కొలవడమే మంచిది.

కొమ్మ, ఆకు, పుల్ల గుచ్చుకుని వచ్చే ఫంగస్ పుండు మరో సమస్య. హైదరాబాద్‌లో 1991 - 2000 మధ్య నిర్ధారించిన 1,352 ఫంగల్ కెరటైటిస్ కేసుల్లో సగానికి పైగా గాయంతో మొదలైనవే. మానిన మచ్చ వల్ల వచ్చే అసమదృష్టికి ఒక దిశంటూ ఉండదు. కెరటోమీటర్ అలాంటి కంటికీ రెండు అంకెలు చూపిస్తుంది, వాటిని నమ్మకూడదు. కార్నియా అంతటి వంపునూ పటంగా చూపే టోపోగ్రఫీ అవసరం.

కోత చోటు

అసమదృష్టిని సరిచేసే టోరిక్ కటకం ఒక్క డిగ్రీ తిరిగితే దాని ప్రభావంలో సుమారు 3 శాతం పోతుంది, 30 డిగ్రీలకు లాభమే మిగలదు. పడుకోగానే కన్ను కొద్దిగా తిరుగుతుంది కాబట్టి కూర్చున్నప్పుడే గుర్తులు పెడతారు. అయితే ఈ కటకం కొనలేనివారికి కొలత అనవసరం అనుకోవడం అన్యాయం. కుట్లు లేకుండా చేసే చిన్న కోత ఆపరేషన్‌లో కోత ఏ దిశలో ఉంటే ఆ దిశ చదునవుతుంది. గోఖలే, సాహ్నీ 2005లో ప్రచురించిన పరిశీలనలో పైన పెట్టిన కోత 1.28, కణత వైపు కోత 0.37, రెండింటి నడుమ పెట్టినది 0.20 డయాప్టర్ల మార్పు తెచ్చాయి. పైకోతలో మానే గాయాన్ని రెప్ప కప్పుతుంది, సర్జన్‌కు అలవాటైన చోటూ అదే. కానీ అడ్డం వంపు ముందే ఉన్న వృద్ధుడికి పైకోత ఆ దోషాన్ని పెంచుతుంది, కణత వైపు కోత తగ్గిస్తుంది. ఇందుకు ఖరీదైన కటకం అక్కర్లేదు, కోతకు ముందు నమ్మదగిన రీడింగు ఉంటే చాలు.

కళ్లజోడు నంబరు సాధారణంగా ఆపరేషన్ అయిన నెల నుంచి ఆరు వారాల తరువాత రాస్తారు. ఆ రోజు కార్నియాను మళ్లీ కొలిచి పాత రీడింగుతో పోలిస్తే ఆ సర్జన్ కోత ఎంత వంపు మారుస్తుందో తెలుస్తుంది. దిశ కూడా మారి ఉంటుంది కాబట్టి పాత అంకెలోంచి కొత్త అంకెను తీసివేస్తే సరిపోదు, సదిశలుగా లెక్కించాలి.