తాటాకు తెగులు: ఒక పురుగు, రెండు పేర్లు

వరిని పట్టే ఒక పెంకు పురుగు బెడదను మన రైతులు తాటాకు తెగులు అంటారు. పుస్తకాల్లో ఆ పురుగు పేరు హిస్పా. పురుగు చేసిన నష్టాన్ని తెగులనడం తెలియనితనమనీ, శాస్త్రం వచ్చి దాన్ని దిద్దిందనీ అనుకోవడం తేలిక. ఈ పురుగును గుర్తుపట్టిన చరిత్ర మాత్రం అలా నడవలేదు. శాస్త్రం దీన్ని ఒక కొస నుంచి పట్టుకుంది, రైతు మరో కొస నుంచి.

1808లో ఫ్రెంచి కీటక శాస్త్రవేత్త ఒలివియే దీన్ని హిస్పా ఆర్మిజెరా అన్నాడు. తరవాత ప్రజాతి పేరు డిక్లడిస్పాగా మారినా ఆర్మిజెరా నిలిచిపోయింది. ఆయుధాలు ధరించినదని ఆ మాటకు అర్థం. సుమారు అయిదు మిల్లీమీటర్ల నీలినలుపు పురుగు, వీపు నిండా ముళ్లు. పేరు చక్కగా అతికింది. కానీ ఆ ముళ్లు తల్లి పురుగుకే, అంటే ఎదిగిన పురుగుకే ఉంటాయి. 1919లో సమరేంద్ర మౌలిక్ బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో హిస్పాలనూ వాటి దగ్గరి చుట్టాలనూ ఒక సంపుటంలో వర్గీకరించాడు. అంత గొప్ప పనికీ ప్రధానమైన ఆధారం సూదికి గుచ్చి దాచిన తల్లి పురుగులే. హిస్పా బతుకులో సగం సూదికి అందేది కాదు, అది ఆకులోపల గడుస్తుంది.

ఆకును వెలుగుకు అడ్డంగా పట్టి చూస్తే ఆ సగం కనిపిస్తుంది. తల్లి పురుగు ఆకు కొన దగ్గర కణజాలంలోకి ఒక్కొక్క గుడ్డే దూర్చి పెడుతుంది. నాలుగైదు రోజులకు గుడ్డు నుంచి వెలువడిన పిల్ల పురుగు బల్లపరుపుగా, లేత పసుపుగా, ఒక్క ముల్లూ లేకుండా ఉంటుంది. ఆకు పైపొరకూ కిందిపొరకూ నడుమ దూరి పచ్చదనాన్ని తినేస్తుంది. అక్కడ ఆకు బొబ్బలా తెల్లబారుతుంది. ఆ బొబ్బలోనే గోధుమరంగు ప్యూపాగా మారి, చివరికి ముళ్ల పురుగై పొర చీల్చుకుని బయటికొస్తుంది. అప్పుడు ఆకును పైనుంచి గోకి, ఈనెల వెంబడి సన్నని తెల్లచారలు గీస్తుంది. బొబ్బ ఒక దశది, చార మరో దశది. రెండూ ముదిరిన ఆకు పాలిపోయి ఎండి తాటాకును తలపిస్తుంది. ఆ పేరు వెనుక ఉన్న పోలిక ఇదేనని నాకు తోస్తుంది. అదే నిజమైతే లాటిన్ పేరు ఒక్క దశనే చెబుతుంటే, తెలుగు పేరు రెండు దశల పనినీ కలిపి చెబుతోంది.

శిలీంధ్రానికీ పురుగుకూ తెగులనే ఒకే మాట వాడితే మందు తప్పుతుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఈనాడు ఆ పొరపాటుకు రైతు డబ్బుతోనూ పంటతోనూ మూల్యం చెల్లిస్తాడు, కాబట్టి పురుగును పురుగుగా చెప్పి తీరాలి. అయితే పురుగుకొక మందు, శిలీంధ్రానికొక మందు వచ్చాకే ఈ విభజనకు పొలంలో పని పడింది. అంతకుముందు తెగులంటే పైరుకు వచ్చిన జబ్బు, అంతే. ఉల్లికోడు సంగతీ ఇలాంటిదే. అది ఈగ జాతి పురుగు పని అయినా, పేరు మాత్రం ఉల్లికాడలా మారిన పిలకను చూసి పెట్టిందే. ఇక రైతు చూపు ఒక్కటే చాలదనడానికి గుడ్డే సాక్ష్యం. చార, బొబ్బ ఎంత బాగా తెలిసినా, కొనలో దాగిన గుడ్డు నుంచి ముళ్ల పురుగు దాకా ఒకే ప్రాణి అని తేల్చడానికి దశ దశనూ వెంబడించి చూడాలి.

ఆ వరుస తెలిశాకే నారు కొనలు తుంచి నాటమనే సలహాకు కారణం దొరికింది. తుంచిన కొనలతో పాటు గుడ్లూ, అప్పుడే పొరల్లోకి దూరిన పిల్ల పురుగులూ మడి దాటకముందే పోతాయి.