నీడలో రంగు ఆకులు: ఒక కుండీ మొక్క చరిత్ర

చరిత్రకు ఆధారాలంటే శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, ప్రభుత్వ దస్తావేజులు అని మీరు ఇదివరకే చదువుకున్నారు. ఈ వ్యాసంలో మనం పరిశీలించబోయే ఆధారం వీటిలో ఏదీ కాదు. అది చందానగర్‌లోని దాదాపు ఏ అపార్ట్‌మెంటు బాల్కనీలోనైనా కనిపించే చిన్న కుండీ, అందులో తెల్లని అంచో పసుపు చారో ఉన్న ఆకుల మొక్క. నర్సరీవాళ్లు ఇలాంటివాటిని 'వేరిగేటెడ్' అంటారు. అలంకారం కోసం పెంచే మొక్కను చారిత్రక ఆధారంగా ఎలా తీసుకోవచ్చు? దీనికి జవాబు చెప్పాలంటే ముందుగా కొంచెం వృక్షశాస్త్రం తెలుసుకోవాలి.

చార ఎలా నిలుస్తుంది?

ఆకు పచ్చగా ఉండడానికి పత్రహరితం కారణం. ఆకులోని కొన్ని కణాలలో అది లోపిస్తే అక్కడ తెలుపో పసుపో కనిపిస్తుంది. 1909లో ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు ఈ విషయంపై వేర్వేరుగా ముఖ్యమైన ఫలితాలు ప్రకటించారు. కార్ల్ కోరెన్స్ మన ఇళ్ల ముందు సాయంత్రం పూసే చంద్రకాంత మొక్కను పరిశీలించి, ఆకు మచ్చలు తల్లి మొక్క వైపు నుంచే సంక్రమిస్తాయని చూపాడు. ఎర్విన్ బౌర్ తెల్ల అంచు జెరేనియం మొక్కలలో పచ్చని కణజాలం, తెల్లని కణజాలం పొరలు పొరలుగా కలిసి ఉంటాయని వివరించాడు. అంటే చూడడానికి ఒకే మొక్క అయినా, అందులో రెండు రకాల కణజాలాలు కలిసి బతుకుతున్నాయి.

దీని ఫలితాన్ని మీరే ఇంట్లో పరీక్షించవచ్చు. పసుపు అంచున్న స్నేక్ ప్లాంటు ఆకును ముక్కలుగా కోసి మట్టిలో గుచ్చితే వేళ్లు వస్తాయి, కొత్త మొక్కలూ వస్తాయి. కానీ వాటికి పసుపు అంచు ఉండదు. అంచు నిలవాలంటే దుంపతో సహా పిలకను విడదీసి నాటాల్సిందే. గింజలతోనూ ఇదే ఇబ్బంది. పైగా తెల్లని భాగం ఆహారం తయారు చేసుకోలేదు కాబట్టి, అడవిలో ఇలాంటి మొక్క పుట్టినా పక్కనున్న పచ్చని మొక్కలతో పోటీలో వెనకబడుతుంది. (కెలాడియం వంటి కొన్ని జాతులకు రంగు మచ్చలు సహజ లక్షణమే. వాటి సంగతి వేరు.)

మన వాదన ఇక్కడే మొదలవుతుంది. పసుపు అంచున్న స్నేక్ ప్లాంటు ఒకటి ఈరోజు మీ కుండీలో ఉందంటే, మొదట ఆ అంచు కనిపించిన మొక్క నుంచి మీ దాకా ఎవరో ఒకరు పిలక తీసి, నాటి, నీళ్లు పోస్తూ వచ్చారన్నమాట. ఆ వరుసలో ఒక్క చెయ్యి తప్పినా ఆ శాఖ అక్కడితో ఆగిపోయేది. రాతప్రతికి నకలు తీసేవారు ఎలాంటివారో, ఈ మొక్కలకు పిలక తీసేవారు అలాంటివారు.

హోస్టా: కనిపెట్టింది ఎవరు?

చల్లని దేశాల నీడతోటల్లో ఈ వరుస స్పష్టంగా కనిపించే మొక్క హోస్టా. దీని సహజ స్థానాలు జపాన్, కొరియా, చైనా. వాగుల ఒడ్డున, చెట్ల నీడన గుబురుగా పెరుగుతుంది. చలికాలంలో ఆకులన్నీ రాలిపోయి, మొగ్గలు నేల కింద నిద్రపోతాయి. 1812లో ట్రాటినిక్ అనే వృక్షశాస్త్రవేత్త ఆస్ట్రియా వైద్యుడు నికొలాస్ థామస్ హోస్ట్ గౌరవార్థం ఈ పేరు పెట్టాడు. జపాన్‌వారు మాత్రం అప్పటికే దానిని గిబోషి అని పిలిచేవారు.

ఆ కాలంలో జపాన్ యూరోపియన్లను నాగసాకి రేవులోని దెజిమా అనే చిన్న దీవికే పరిమితం చేసింది. డచ్చి కంపెనీ వైద్యుడిగా అక్కడికి వెళ్లిన కెంఫర్ 1712లో అచ్చయిన తన గ్రంథంలో ఈ మొక్కను ప్రస్తావించాడు. 1775-76లో థన్‌బెర్గ్ అక్కడి మొక్కలను సేకరించాడు. 1823లో వచ్చిన సీబోల్ట్, నిషేధించిన పటాలు సంపాదించాడన్న ఆరోపణపై 1829లో బహిష్కరణకు గురయ్యాడు. ఆయన యూరప్‌కు చేర్చిన హోస్టాల్లో తెల్ల అంచు రకం కూడా ఉంది.

చాలా పుస్తకాలు ఈ ఘట్టాన్ని యూరప్ అన్వేషకులు కొత్త మొక్కలను 'కనిపెట్టిన' కథగా చెబుతాయి. ఈ మాటను ఒప్పుకోవడం కష్టం. చారల ఆకుల మీద మోజు జపాన్ తోటల్లో అప్పటికే బాగా ముదిరింది. 1827లో సోమొకు కిహిన్ కగామి, 1829లో సోమొకు కిన్యోషూ అనే సచిత్ర గ్రంథాలు అక్కడ వెలువడ్డాయి. రెండూ ఇలాంటి విచిత్రమైన ఆకుల మొక్కలకే కేటాయించినవి. సీబోల్ట్ చేతికి వచ్చిన తెల్ల అంచు అడవిలో దొరికిన వింత కాదు. పేరు తెలియని జపాన్ తోటమాలులు ఎంచి, విడదీసి, కాపాడుకొచ్చిన పనితనం అది.

గాజు పెట్టె, సామ్రాజ్యం

అదే 1829లో లండన్‌లో నథానియల్ వార్డ్ అనే వైద్యుడు మూతపెట్టిన గాజుసీసాలో చిమ్మట పురుగు గూడును ఉంచాడు. కొన్నాళ్లకు సీసాలోని తడిమట్టిలో ఫెర్న్ మొలిచింది. లోపలి తేమ ఆవిరై, గాజుకు పట్టి, తిరిగి మట్టిలోకి జారుతోంది. బయటి నుంచి నీళ్ల అవసరమే లేదు. 1833లో అలాంటి పెట్టెలు రెండింటిని కెప్టెన్ మలార్డ్ ఓడపై సిడ్నీకి పంపితే మొక్కలు క్షేమంగా చేరాయి. అంతకుముందు ఉప్పుగాలికి, నీటి కొరతకు ఓడల్లో మొక్కలు చాలావరకు చచ్చిపోయేవి. 1848-51 మధ్య రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా తేయాకు మొక్కలను మన హిమాలయ ప్రాంతాలకు చేర్చింది కూడా ఈ పెట్టెల్లోనే. తేయాకును దాటించిన సాధనమే రంగు ఆకులను కూడా ఖండాలు దాటించింది.

మన కుండీల్లో ఉన్నవి ఈ రెండో వరుసకు చెందినవి. మనీ ప్లాంటు పుట్టుక పసిఫిక్‌లోని మోరేయా దీవి. 1880లో లిండెన్, ఆంద్రే దానికి 'బంగారు' అనే అర్థం వచ్చేలా శాస్త్రీయ నామం పెట్టారు. తోటల్లో అది దాదాపుగా పూయదు. పూతకు కావలసిన జిబ్బరెలిన్ హార్మోను తయారీలో లోపమే కారణమని 2016లో ఒక పరిశోధన తేల్చింది. పువ్వు లేదు, గింజ లేదు. కణుపున్న తీగముక్క చేతులు మారడం ఒక్కటే దారి. మనీ ప్లాంటు కొనకూడదు, దొంగిలించి తెచ్చుకుంటేనే కలిసొస్తుందని మనవాళ్లు అనే మాట నవ్వులాటగా అనిపించినా, ఈ మొక్క వ్యాపించిన తీరును ఇంత సూటిగా చెప్పే మాట మరొకటి లేదు.

పసుపు అంచు స్నేక్ ప్లాంటు జన్మస్థలం కాంగో. దాని శాస్త్రీయ నామంలో ఎమీల్ లోరాన్ అనే బెల్జియం శాస్త్రవేత్త పేరుంది. 1885 నుంచి 1908 దాకా ఆ దేశం బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ సొంత ఆస్తి. రబ్బరు కోసం అక్కడి ప్రజలపై సాగిన దారుణాలు మీకు తెలిసినవే. బాల్కనీ మూలన నిశ్శబ్దంగా నిలబడిన ఆ మొక్క పేరు ఆ కాలాన్ని మోస్తోంది.

చందానగర్ నీడ

మొక్కకే కాదు, నీడకూ చరిత్ర ఉంది. ముంబై రహదారి పక్క గ్రామమైన చందానగర్‌కు 1960లలో రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ రాకతో ఊపు వచ్చింది. అప్పటి ఇళ్లకు పెరడు ఉండేది. తులసి, మల్లె, కరివేపాకు, జామ, అన్నీ ఎండ కోరేవే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభం, 2003లో ఎంఎంటీఎస్ రైళ్లు, 2007లో శేరిలింగంపల్లి జీహెచ్ఎంసీలో కలవడం, ఈ వరుసలో స్థలం ధర పెరిగి పెరళ్లు పోయాయి. వేపచెట్టు నీడ స్థానంలో ఎదుటి అపార్ట్‌మెంటు గోడ నీడ వచ్చింది. నాలుగడుగుల బాల్కనీలో మల్లె మొగ్గ తొడగదు. పొట్టిగా, గుబురుగా, పువ్వుతో పని లేకుండా ఆకుతోనే అందమిచ్చే మొక్కకు అలా గిరాకీ పుట్టింది. తూర్పుగోదావరి జిల్లా కడియం నర్సరీలు ఈ గిరాకీని తీరుస్తున్న ప్రధాన కేంద్రాలలో ఒకటి.

ఈ వరుసను మీ ఇంట్లో కొనసాగించాలంటే రెండు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. నీడ అంటే చీకటి కాదు. వెలుతురు మరీ తగ్గితే మనీ ప్లాంటు కొత్త ఆకుల్లో పసుపు తగ్గి పచ్చదనం పెరుగుతుంది. పూర్తిగా పచ్చబడిన కొమ్మ వేగంగా పెరిగి చారల కొమ్మలను అణచేస్తుంది కాబట్టి దానిని మొదలుకంటా తీసేయాలి. స్నేక్ ప్లాంటు పిలకలను తొలకరిలో విడదీయడం మేలు. నీళ్లు ఎక్కువైతే దుంప కుళ్లుతుంది. డిఫెన్‌బేకియాను పిల్లలకు అందేచోట పెట్టవద్దు. దాని ఆకు నమిలితే అందులోని సూదుల్లాంటి స్ఫటికాల వల్ల నోరు, నాలుక వాచిపోతాయి.

మరి హోస్టా మన బాల్కనీల్లో ఎందుకు లేదు? దానికి ఏటా కొన్ని వారాలపాటు 5 డిగ్రీల లోపు చలి కావాలి. మన దగ్గర డిసెంబరు రాత్రులు 10 డిగ్రీలకు దిగితేనే వార్త అవుతుంది. ఆ నిద్ర దొరకని హోస్టా ఒకటి రెండు ఏళ్లలో క్షీణిస్తుంది.

అయినా తెల్ల అంచు ఆకుల బొమ్మతో 'హోస్టా గింజలు' అనే పొట్లాలు ఆన్‌లైన్‌లో అమ్ముతుంటారు. ఆధారాల బాహ్య విమర్శ, అంతర విమర్శ గురించి మీరు చదువుకున్న పాఠాన్ని ఈ పొట్లానికి అన్వయించి చూడండి. తెల్ల అంచు హోస్టా గింజల నుంచి వచ్చేవి చాలావరకు మామూలు పచ్చని మొక్కలే. తెల్లని మధ్యభాగం ఉన్న రకాల గింజలైతే పాలిపోయిన మొలకలు వచ్చి కొద్దిరోజుల్లో చనిపోతాయి. ఒకవేళ పచ్చని మొక్కే వచ్చినా దానికి చందానగర్‌లో చలికాలం దొరకదు. పొట్లం మీది బొమ్మ, లోపలి గింజ, కొన్నవారి ఊరు, ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగడం లేదు.