నుదుటి ఎరుపు వెనుక

పాలకొల్లుకు రంగుల వర్తకంతో పాత సంబంధం ఉంది. 17వ శతాబ్దిలో డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకుని గోదావరి సీమ బట్టల్ని ఓడలకెక్కించారు. నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో ఇంగ్లీషువారు చేసినదీ అదే పని. ఆ ఊరి పేరు ‘మడపొల్లం’ అనే నూలుగుడ్డకు స్థిరపడిపోయింది. ఈ తీరపు అద్దకంలో ఎరుపుకు మూలం చిరివేరు. పటిక సాయంతో దాన్ని బట్టకు పట్టించేవారు. 1868లో గ్రేబె, లీబర్మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు ఆ ఎరుపులోని అలిజరిన్‌ను బొగ్గుతారు నుంచి తీశారు. చిరివేరు సాగు చితికిపోయింది. ఈ కథ చాలామందికి తెలుసు. తారు రంగులు బట్టతో ఆగలేదనీ, నుదుటికీ ఎక్కాయనీ మాత్రం ఎవరూ పెద్దగా రాయలేదు.

పాత పద్ధతిలో కుంకుమ ఇంటి సరుకు. పసుపు కొమ్ముల్ని నిమ్మరసంలో వెలిగారం, పటిక వేసి నానబెట్టి, ఎండబెట్టి దంచేవారు. శ్రమ ఎక్కువ, వచ్చే రంగు కాస్త ముదురు. సుద్దపొడిలో రసాయన రంగు కలిపితే క్షణంలో నిగనిగలాడే ఎరుపు వస్తుంది, ధర కూడా తక్కువ. అంగడి కుంకుమ గెలిచింది అందుకే. అప్పటినుంచి ఒకే ఆచారంలో రెండు దారులు ఏర్పడ్డాయి. డబ్బూ తీరికా ఉన్న ఇల్లు పసుపుతో చేసిన కుంకుమ వెతికి కొనుక్కుంటుంది. కూలికి పోయే ఇల్లాలు తిరునాళ్ళలో దొరికే చిన్న పొట్లంతో సరిపెట్టుకుంటుంది. హాని పంపకమైంది ఈ తేడా వెంటే అని నా వాదన.

ఆధారాలు లేకపోలేదు. పుదుచ్చేరి జిప్మర్ వైద్యులు 2007లో కుంకుమ వల్ల వచ్చిన చర్మవ్యాధి కేసులు 46 పరిశీలించి ప్రచురించారు. బొట్టుబిళ్ళ జిగురులోని ఒక ఫినాల్ రసాయనం నుదుట తెల్లమచ్చ తెస్తుందని 1990లోనే తేలింది. తెల్లమచ్చను బొల్లి అనుకుని ఆడపిల్లకు సంబంధాలు తప్పే సమాజంలో అది చర్మవ్యాధితో ఆగే విషయం కాదు. ఇక సీసం సంగతి. 2017లో వెలువడిన రట్గర్స్ విశ్వవిద్యాలయ పరిశోధన 118 సిందూరం నమూనాలను పరీక్షించింది. గ్రాముకు 20 మైక్రోగ్రాములన్న అమెరికా హద్దును దాటినవి న్యూజెర్సీలో కొన్నవాటిలో 19 శాతం, ముంబై, ఢిల్లీల్లో కొన్నవాటిలో 43 శాతం. మన దేశపు నమూనాలు 23 మాత్రమే, అవీ ఉత్తరాది వాడుక సరుకు. అయినా ఏ దేశపు అంగడిలో కొన్నామనేదాన్ని బట్టి హాని మారుతోందని అవి చూపుతున్నాయి.

పాతది మాత్రం నిర్దోషమా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆంజనేయస్వామికి పూసే సిందూరాల్లో ఎర్ర సీసం ఉన్నవి పూర్వమూ ఉన్నాయి, సుర్మాలోనూ సీసమే. నేను ‘ప్రకృతి’ని పొగడడం లేదు. ఇంట్లో చేసినప్పుడు ఏం కలిసిందో చేసినామెకు తెలుసు. పొట్లంలో ఏముందో కొన్నామెకు తెలియదు. తేడా అంతే, కానీ చాలా పెద్దది. ఇష్టం లేకపోతే పెట్టుకోవద్దు అనే మాటైతే నిలవదు. ముత్తైదువ బోసి నుదురు అశుభమన్న ఊళ్ళో ఇష్టానికి చోటెక్కడిది? ఒక్క చిటికెలో ఎంత విషముంటుందనీ అనకండి. పెళ్ళినాటి నుంచి రోజూ అదే చోట పెట్టుకునేదాన్ని చిటికెలతో లెక్కగట్టకూడదు. ఆమె వేలికంటినది పిల్లవాడి నోటికీ చేరుతుంది, చిన్నపిల్లల మెదడుకు సీసం చేసే చేటు తిరిగి బాగుపడేది కాదు.

చట్టం ఉంది కదా అంటారు. నిజమే, సౌందర్య సాధనాల్లో సీసం, ఆర్సెనిక్ రంగులు నిషిద్ధం. 2020 నియమాలూ ఆ మాటే చెబుతున్నాయి. అయితే ‘పూజకు మాత్రమే’ అని ఒక్క ముక్క అచ్చువేస్తే చాలు, ఆ పొట్లం సౌందర్య సాధనాల లెక్కలోంచి జారిపోతుంది. అర్చన కుంకుమ నుదుటికి చేరుతుందని తెలియనివారు ఈ రాష్ట్రంలో ఎవరున్నారు? పంచారామాల్లో ఒకటైన మా పాలకొల్లు క్షీరారామలింగేశ్వరుడి గుడికి కార్తీకమాసంలో వచ్చే ఆడవాళ్ళు పొట్లం మీద అక్షరాలు చదివి కొనాలనడం అధికారులు తమ పనిని వారి నెత్తిన పెట్టడమే. ఔషధ నియంత్రణ శాఖ పంచారామ క్షేత్రాల అంగళ్ళలో కుంకుమ నమూనాలు తీసి, సీసం ఎంతుందో, ఏ రంగు కలిపారో తెలుగులో ప్రకటించాలి. ఈ కార్తీకానికే మొదలుపెట్టాలి.