చైనా అక్షరం, జపాను నోరు

క్రీ.శ. 712లో ఓ నో యసుమరో అనే పండితుడు దేవతల కథలనూ రాజవంశాల చరిత్రనూ గ్రంథస్థం చేసి, అప్పటి పాలకురాలు గెమ్మెయి మహారాణికి సమర్పించాడు. అదే 'కొజికి'. ముందుమాటలో ఆయన తన కష్టం చెప్పుకున్నాడు. చైనా అక్షరాలను అర్థం చూసుకుని వాడితే రాసింది మనసును తాకదు. అర్థం వదిలేసి ఒక్కో ధ్వనికీ ఒక్కో అక్షరం పెడితే వాక్యం చాంతాడవుతుంది.

జపానుకు అప్పటికి సొంత లిపి లేదు. కొరియా మీదుగా వచ్చిన చైనా అక్షరాలే, కంజీలే, దిక్కు. భాషలకేమో చుట్టరికం లేదు. జపాను భాషలో మన తెలుగులోలాగే క్రియ వాక్యం చివరికొస్తుంది, ప్రత్యయాలు తగిలించుకుంటుంది. చైనా భాషలో అవేవీ లేవు. అయినా కొండను సూచించే అక్షరాన్ని చైనా పలుకును అనుసరించి 'సన్' అనడంతో వాళ్లు ఆగలేదు; తమ ఇంటిమాట 'యమ' అని కూడా చదివారు. మొదటిది 'ఒన్', రెండోది 'కున్'. అరువు లిపిలో సొంత నోరు నిలుపుకోవడం, నా దృష్టిలో, ఆ జాతి చేసిన మహా సాహసం.

ఈ అలవాటు యసుమరో కంటే పాతది. మత్సుయె నగరంలోని ఒకదయమ సమాధిలో దొరికిన 6వ శతాబ్దపు కత్తికి 1980ల్లో ఎక్స్‌రే తీస్తే, తుప్పు కింద 'నుకతబె నో ఒమి' అనే వంశనామం కనిపించింది. నుదురు అక్షరానికి 'నుక', పొలం అక్షరానికి 'త': రెండూ దేశీయ పలుకులే.

యసుమరో రెండు పద్ధతులూ కలిపి రాశాడు. సూర్యుడు, కింద అనే అక్షరాలను 'కుసక' అని చదివే వాడుకలాంటివి అప్పటికే పాతుకుపోయాయి కనుక వాటిని కదపలేదు. కాలం గడిచేకొద్దీ ఆ పుస్తకాన్ని ఎలా చదవాలో పండితులకే అంతుపట్టకుండా పోయింది. మత్సుసక ఊరి వైద్యుడు మొతొఒరి నొరినగ 1764లో పూనుకుని, 1798కి గానీ 44 సంపుటాల వ్యాఖ్యానం ముగించలేకపోయాడు.

'జీవం' అక్షరం ఒక్కటే ఇప్పటికీ 'ఇకిరు' (బతకడం), 'ఉమరెరు' (పుట్టడం), 'హయెరు' (మొలవడం), 'నమ' (పచ్చిది) అని పలుకుతుంది. పక్కన రాసే కనా అనే ధ్వని అక్షరాలు చాలాసార్లు దారి చూపిస్తాయి. 1948లో ప్రభుత్వం పలుకులకు జాబితా వేసి చాలావాటిని తగ్గించింది. 1973లో వందలాది పలుకులను మళ్లీ చేర్చింది. మనుషుల పేర్లకు మాత్రం ఆ కట్టడి లేదు. ఒకే అక్షరాలతో రాసిన పేరును ఒక ఇంట్లో ఒకలా, ఇంకో ఇంట్లో ఇంకోలా పిలుస్తారు. కుటుంబ రిజిస్టరులో పేరు పక్కన దాని పలుకును కూడా నమోదు చేయాలన్న చట్టం 2025 మే నెలలో గానీ అమల్లోకి రాలేదు.